మీటరు లేని మాట

"సార్, ఎస్టీడీ బూత్ అంటే ఏంది?" అని మొన్న మా వీధిలో ఉండే ఇంజనీరింగ్ కుర్రాడు అడిగినాడు. వాడికి ఎట్లా చెప్పాలో తెలీలేదు. మీకు చెప్తాను.

మా చిన్నక్క 2001లో ఖద్దామా వీసా మీద కువైట్ పోయింది. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకు అక్కడ ఆ పేరు. పీలేరు, రాయచోటి, రాజంపేట వైపు ఈ మాట తెలీని ఊరు లేదు. అక్క శుక్రవారం సాయంత్రం పీలేరు బస్టాండు కాడ బూత్‌కి ఫోన్ చేసేది. అమ్మ మధ్యాహ్నం మూడుకే పోయి బెంచీ మీద కూర్చునేది. వచ్చిన ఫోనుకు కూడా బూతాయన అయిదు రూపాయలు తీసుకునేవాడు. "బాగుండావా?" "బాగుండాను. దుడ్లు అందినాయా?" "అందినాయి." "పిల్లోడు బడికి పోతావుండాడా?" అంతే, అక్క కార్డులో డబ్బులు అయిపోయేవి. మిగతా సంగతులు క్యాసెట్లో రికార్డు చేసి, ఊరికొచ్చే వాళ్ల చేత పంపేది.

2002 ఏప్రిల్ 1 నుంచి ఇంటర్నెట్‌లో ఫోన్ మాట్లాడుకోడానికి మన ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. తిరుపతి నెట్ సెంటర్లలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని, అమెరికాలో కొడుకులతో అరిచి అరిచి మాట్లాడే తండ్రుల్ని చూసినాను. మాటను ముక్కలు చేసి పంపి, అవతల మళ్లీ అతికించడమే ఈ విద్య. డయలప్ లైన్లో సగం ముక్కలు ఆలస్యంగా చేరేవి, కొన్ని చేరేవే కావు. 2003లో స్కైప్ వచ్చినాక గొంతు కాస్త బాగుపడింది. (ఆ స్కైప్ కూడా 2025 మేలో మూతపడిపోయింది!)

"కంప్యూటర్లో అయితే ఖర్చు లేదక్కా" అన్నాను ఒకసారి. "ఇక్కడ కంప్యూటర్ని నేను తుడుస్తానురా, దాంట్లో మాట్లాడను" అనింది.

ఊరికే వచ్చే ఫోను ముందు ఉన్నోళ్లకే వచ్చింది. మా అక్క దాకా రావడానికి పన్నెండు, పదమూడేళ్లు పట్టింది. 2015లో వాట్సాప్‌లో మాట, 2016 సెప్టెంబర్లో జియో, ఆ నవంబర్లో వాట్సాప్ వీడియో. ఉచితమంటాం గానీ రీచార్జి కట్టేది మనమే కదా. దుబాయ్‌లో ఉండే వాళ్లకు ఆ వాట్సాప్ కాల్ కూడా లేదు, అక్కడ ఆపేసినారు.

2017 సంక్రాంతికి అమ్మ మొదటిసారి వీడియోలో అక్కను చూసింది. తెర నిండా మొహమే.

"చేతులు చూపీమే" అనింది అమ్మ.

"ఎందుకు మా?"

"చూపీ."

వేళ్లు పగిలిపోయి ఉన్నాయి. మణికట్టు నుంచి మోచేతి దాకా కాలిన మచ్చ.

"పాతదిమా, 2009లో నూనె పడింది."

అమ్మ ఏం మాట్లాడలేదు. అక్కా మాట్లాడలేదు. మీటరు లేదు కాబట్టి ఫోన్ అట్లే ఉండిపోయింది.

"అప్పుడే చెప్పుంటే?"

"మూడు నిమిషాల్లో ఏం చెప్పేది మా?"

అక్క ఇంకా అక్కడే ఉంది. మనకు రాత్రి ఎనిమిదైతే వాళ్లకు అయిదున్నర. ఆ టైముకు అమ్మ ఫోన్ని ఉప్పు డబ్బాకు ఆనించి, బియ్యం ఏరుకుంటూ కూర్చుంటుంది. అక్క అక్కడ ఉల్లిగడ్డలు తరుగుతా ఉంటుంది. ఒక్కోసారి గంటసేపు ఇద్దరూ నోరు మెదపరు. నిన్న నేను పోయి, "ఫోన్ ఆన్‌లోనే ఉండాదిమా" అన్నాను.

"తెలుసు. మెల్లిగా మాట్లాడు, అది పనిలో ఉండాది" అనింది.