నీహారికను తుడిచేయకండి!

ఓరియన్ నీహారికను ఎప్పుడైనా ఫొటో తీశారా? బొమ్మ నిండా ఇసుక చల్లినట్టు గరుకు! దీన్నే 'నాయిస్' అంటారు. కంప్యూటర్‌తో నున్నగా తుడిచేద్దామనిపిస్తుంది. వద్దంటాను నేను. ఎక్కువగా తుడిస్తే గరుకుతోపాటు మసక నక్షత్రాలూ పోతాయి.

మరేం చేయాలి? అదే దృశ్యాన్ని 16 సార్లు తీయండి. నక్షత్రాలు కలిసేలా పేర్చి, సగటు కట్టండి. గరుకు ఒక్కో ఫొటోలో ఒక్కో తీరుగా పడుతుంది; నీహారిక మాత్రం మారదు. 16కి వర్గమూలం 4 కదా, గరుకు నాలుగో వంతుకు తగ్గుతుంది. 100 ఫొటోలైతే పదో వంతుకు!

1880లో ఈ నీహారికను తొలిసారి ఫొటో తీసిన హెన్రీ డ్రేపర్, ప్లేటుపై 51 నిమిషాలపాటు వెలుతురు పడనిచ్చాడు. మనకూ ఓపికే మందు. నున్నటి అబద్ధం కన్నా గరుకైన నిజమే మేలు కదూ!