ఒంటిగంట రుచి

పొద్దున ఏడున్నరకు పొయ్యి మీద పువ్వులా విచ్చుకున్న కొర్రన్నం, మధ్యాహ్నం ఒంటిగంటకు క్యారేజీ మూత తీసేసరికి బిరుసెక్కి గొంతు దిగనంటుంది. 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకున్నప్పటి నుంచి కొర్రల్లో పీచు గురించి చెప్పనివాళ్లు లేరు. ఈ అయిదారు గంటల సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. మావారి డబ్బా మూడు రోజులు వరసగా సగం అలాగే తిరిగొచ్చాక, నేనూ ఒకటి సర్దుకుని వంటింటి గట్టు మీదే ఉంచి, ఒంటిగంటకు చల్లగా తిన్నాను. తప్పు కొర్రలది కాదు, నాది. నానబెట్టింది పావుగంట, పోసిన నీళ్లేమో సోనామసూరి లెక్కన! ఇప్పుడు రాత్రే నానేసి, ఒకటికి మూడు పోసి ఉడికించి, గరిటె వెనకతో మెదిపి, గోరువెచ్చని పాలు జారుగా కలిపి, చెంచాడు పెరుగుతో తోడేస్తున్నాను. పైన ఆవాలు, అల్లం, కరివేపాకు తాలింపు. అది దారిలోనే తోడుకుని, వేళకు పులుపెక్కని దద్దోజనమవుతుంది. బలం మాట తర్వాత, ముందు డబ్బా ఖాళీగా రావాలిగా. మూలన మాగాయ టెంక పెట్టడం మాత్రం మానలేదు; ఉప్పెక్కువని తెలుసు, అయినా సాయంత్రం తెల్లగా చీకేసిన ఆ టెంక ఒక్కటే తిరిగొస్తుంటే ఏమనగలను?