డీజే పెట్టెలలో మన జానపదము

గత వార్షికోత్సవమునకు మేము తప్పెటగుళ్ల బృందమును పిలిపించితిమి. సాయంకాలము ఐదు గంటలకు రమ్మన్నవారిని రాత్రి తొమ్మిది దాటువరకు వేదిక వెనుక కూర్చుండబెట్టి, తుదకు పది నిమిషములు ఇచ్చితిమి. వారి ఆట సగములో ఉండగనే డీజే పెట్టెలు మ్రోగినవి. విద్యార్థులు ఈలలు వేసిరి. అప్పుడు మ్రోగినది ఏ పరదేశపు పాటయో కాదు; ఈ ప్రాంతపు జానపదమే!

డీజేపై మాకు ద్వేషము లేదు. 2020లో విడుదలైన ‘పలాస 1978’ చిత్రమున ఉత్తరాంధ్ర జానపదము ఆధారముగా వచ్చిన ‘నక్కిలీసు గొలుసు’ పాట పెండ్లి పందిళ్లలో మారుమ్రోగినప్పుడు మేమును గర్వించితిమి. పాట ఊరు దాటుట దానికి హాని కాదు. మెక్సికో దేశపు పల్లె ఉత్సవముల బాకా మేళమగు ‘బండా’ 1990 దశకపు తొలినాళ్లలో అమెరికాలోని లాస్ ఏంజిలెస్ నృత్యశాలలను ఊపివేసెను. వలస కుటుంబముల యువకులు పల్లెవారి టోపీలు, బూట్లు ధరించి ఆడిరి. అయితే అచ్చట ‘బండా మాచోస్’ వంటి మేళములు తమ పేరుతోనే ప్రసిద్ధికెక్కెను. మనకు పాట దక్కినది, పాడినవాడు దక్కలేదు.

జముకును దగ్గరగా చూచినవారు మనలో ఎందరు? ఒకవైపు తోలు మూసిన పాత్ర వంటి వాద్యమది. తోలు నడుమనుండి వచ్చు తీగను బిగించుచు, సడలించుచు మీటినచో ధ్వని మనుష్యుని మూలుగువలె సాగును. తప్పెటను రొమ్మున కట్టుకొనిన గొల్ల కళాకారుని చేయి, కాలిగజ్జె ఒకదానినొకటి తరుముకొనుచు వేగమును పెంచును. పెట్టెలో ధ్వని ఉండును గాని ఈ తరుము ఉండదు.

విజయనగర ప్రభువులు 1919లోనే సంగీత పాఠశాల నెలకొల్పిరి. ఆదిభట్ల నారాయణదాసుగారు దాని తొలి అధ్యక్షులు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు అచ్చట వయొలిన్ ఆచార్యులు. జముకువానికి మాత్రము తండ్రియే గురువు, జాతరయే పాఠశాల. మన ఉర్దూ శాఖ మిత్రులకు తెలియును: గజలు చివరి ద్విపదలో, అనగా మక్తాలో, కవి తన తఖల్లుసును నిలుపుకొనును. జానపదునికి ఆ వసతియు లేదు.

కావున కళాశాల కమిటీవారిని మేము కోరునది ఇది: రాబోవు వార్షికోత్సవమున డీజేకు ముందుగా ఒక పూర్తి గంట వారికీయవలెను. ఆహ్వానపత్రికలో కళాకారుల పేర్లు అచ్చువేయవలెను. పారితోషికము ఆ రాత్రియే చేతికీయవలెను.

ఈ సంచిక కొరకు నిరుటి బృందమువారి పేర్లు వెదకితిమి. రసీదులో ‘తప్పెటగుళ్లు, పదునలుగురు’ అని మాత్రమే ఉన్నది.