రాసి ఉన్నదే జరిగిందా?

ఆత్మీయులను పోగొట్టుకున్న ఇంటికి పుర్సాకు వెళ్లినప్పుడు మనం అలవాటుగా ఒక మాట అంటాం: ‘అల్లాహ్ రాసిందే జరిగింది, సబర్ చేయండి.’ మాట తప్పు కాదు. తఖ్దీర్‌ను, అంటే దైవ నిర్ణయాన్ని నమ్మడం మన విశ్వాసంలో భాగమే. కాకపోతే ఆ మాట అనేసి, చెప్పులు తొడుక్కుని మనం వెళ్లిపోతాం. ఆ తల్లి ఆ ఇంట్లోనే ఉండిపోతుంది.

2013 ఫిబ్రవరి 21, గురువారం. రాత్రి ఏడు గంటల వేళ దిల్‌సుఖ్‌నగర్‌లో కోణార్క్, వెంకటాద్రి థియేటర్ల సమీపాన, సైకిళ్లకు అమర్చిన రెండు బాంబులు నిమిషాల తేడాతో పేలాయి. 18 మంది మరణించారు. వంద మందికి పైగా గాయపడ్డారు. ఆ వేళ ఆ రోడ్డు మీద ఉండేది ఎవరు? కోచింగ్ సెంటర్ల నుంచి గదులకు పోయే విద్యార్థులు, ఎల్.బి.నగర్ బస్సు కోసం ఎదురుచూసే చిరుద్యోగులు. ముందు బస్సు దొరికినవాడు ఇల్లు చేరాడు. 2016 డిసెంబరులో ప్రత్యేక న్యాయస్థానం ఐదుగురికి మరణశిక్ష విధించింది, 2025 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని ధ్రువీకరించింది. అయితే ‘ఆ నిమిషానికి నా బిడ్డే అక్కడెందుకున్నాడు?’ అనే ప్రశ్నకు ఏ న్యాయస్థానంలోనూ జవాబు దొరకదు.

‘అంతా రాసి ఉంటే ఇక మనం చేసేదేముంది ఉస్తాద్?’ అని మా విద్యార్థి ఒకడు అడిగాడు. ఈ ప్రశ్న మదరసాలకే పరిమితం కాదు. విధిని భరించడం చాలదు, ప్రేమించాలన్నాడు జర్మన్ తత్వవేత్త నీషే. వినడానికి బాగుంది గాని, శవాగారం ముందు నిలబడ్డవాడికి ఇది చెప్పగలమా? ఫ్రెంచి రచయిత కామూ మరో దారి పట్టాడు. అస్తిత్వవాది అనే పేరును ఆయన ఒప్పుకోలేదు, అది వేరే సంగతి. 1947లో వచ్చిన ఆయన నవల ‘ప్లేగు’లో ఓరాన్ నగరం దిగ్బంధంలో పడుతుంది. అక్కడ చిక్కుకున్న పరదేశి విలేఖరి ఒకడు పారిపోవడానికి అన్నీ సిద్ధం చేసుకుని, తీరా సమయానికి ఆగిపోతాడు. ఒక్కడే సుఖపడడానికి సిగ్గుపడతాడు. (అల్జీరియా నగరం కథలో ముస్లిముల ముఖాలే కనబడవన్నది కామూ మీద మాకున్న ఫిర్యాదు.)

ఇంతకంటే ఎంతో ముందు, హిజ్రీ 18లో, అమ్వాస్ ప్లేగు వచ్చింది. సిరియాకు బయలుదేరిన హజ్రత్ ఉమర్ (రజి) సంగతి తెలిసి వెనుదిరిగారు. దైవ విధి నుంచి పారిపోతున్నారా అని అబూ ఉబైదా (రజి) అడిగితే, ఒక దైవ విధి నుంచి మరో దైవ విధి వైపే పోతున్నామన్నారు. చేతులు ముడుచుకు కూర్చోవడం తఖ్దీర్ కాదని మనం చెప్పుకునే ఉదంతం ఇదే. ఆ తరువాతి సంగతిని మాత్రం తక్కువగా చెప్పుకుంటాం. అబూ ఉబైదాను కాపాడుకోవాలని ఖలీఫా ఆయన్ను మదీనాకు రమ్మని ఉత్తరం రాశారు. ఆంతర్యం గ్రహించిన ఆయన తన సైనికులను విడిచి రాలేనని జవాబు పంపారు. ఆ ప్లేగులోనే కన్నుమూశారు.

ఆ విద్యార్థికి మేము ఇదంతా చెప్పాం. మా సొంత సంగతి చెప్పలేదు. ఆ పేలుళ్లలో మా వీధి కుర్రాడు ఒకడు గాయపడ్డాడు, హిందువుల బిడ్డ. మరునాడు జుమా నమాజులో దుఆ చేశాం గాని, ఆసుపత్రికి వెళ్లడానికి కాళ్లు రాలేదు. ఈ గడ్డం, ఈ టోపీ చూసి ఏమనుకుంటారో అని భయం. బాంబు పెట్టింది మేము కాదు, దాన్ని ఆపడం మా చేతిలో లేదు. వెళ్లడం, మానడం మాత్రం మా చేతిలోనే ఉంది.

నాలుగో రోజున వెళ్లాం. ఆ కుర్రాడి తండ్రి వరండాలో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ‘ఇన్ని రోజులు రాలేదేంది మౌల్సాబ్?’ అన్నాడు. మా వద్ద జవాబు లేదు. ఆయన కొంచెం పక్కకు జరిగి చోటిచ్చాడు.