రాబిన్ హుడ్ జమీందారు కాడు

పోయిన నెల మన గోడ పత్రికలో పదో తరగతి అక్క ఒకరు రాబిన్ హుడ్ గురించి రాశారు. చాలా బాగుంది. కానీ అందులో రాబిన్ హుడ్ అసలు హంటింగ్‌డన్ ప్రభువనీ, ఆస్తి పోగొట్టుకొని అడవికి పోయాడనీ ఉంది. ఈ మాట మాత్రం నేను ఒప్పుకోను. ఇది అక్క సొంతంగా కల్పించింది కాదు. చాలా పుస్తకాల్లో, సినిమాల్లో అట్లాగే ఉంటుంది. అందుకని వాళ్లందరికీ కలిపి జవాబు రాస్తున్నాను.

రాబిన్ హుడ్‌ని ప్రభువుగా చేసింది 1598లో ఆంథొనీ మండే అనే ఆయన రాసిన నాటకాలు. అప్పటికే ఇంగ్లండులో పామర జనం రాబిన్ హుడ్ పాటలు పాడుకోబట్టి రెండు వందల ఏళ్లు దాటింది. 1377 ప్రాంతంలో రాసిన ఒక కావ్యంలోనే ఆ పాటల మాట వస్తుంది. దొరికిన పాత పాటల్లో అతను దొర కాడు, కూలీ కూడా కాడు. తన కాళ్ల మీద తాను బతికే మామూలు మనిషి. వాటిలో మేరియన్ అనే అమ్మాయి లేదు. అన్నిటికన్నా పొడుగైన పాత పాటలో రాజు పేరు ఎడ్వర్డు, రిచర్డు కాదు. రిచర్డు కాలం వాడని 1521లో జాన్ మేజర్ అనే పండితుడు రాశాడు. 1819లో వాల్టర్ స్కాట్ నవలతో అదే స్థిరపడిపోయింది. మామూలు మనిషి అంత ధైర్యం చేశాడంటే పెద్దవాళ్లకు నమ్మబుద్ధి కాలేదేమో, అందుకే దొర బట్టలు తొడిగారని నా అనుమానం.

మరి అతను ఎవరు? 1226లో యార్క్‌షైర్ నుంచి రాజుగారికి రావలసిన డబ్బుల లెక్కలో ఒక చిన్న వాక్యం ఉంది. రాబర్ట్ హాడ్ అనే పారిపోయిన మనిషి సామాను 32 షిల్లింగుల 6 పెన్నీలు అని. అంతే. ఏ ఊరివాడు, ఏం చేశాడు, ఎందుకు పారిపోయాడు, ఏమీ లేదు. మనిషి సంగతి రాయలేదు గాని సామాను ధర మాత్రం పెన్నీతో సహా రాశారు! మరుసటి ఏడు గుమాస్తా అతని పేరును హాబ్‌హాడ్ అని మార్చి రాశాడు. హాబ్ అంటే రాబర్ట్‌కి ముద్దు పేరు. పేర్లు రాసేవాళ్ల చేతిలో ఎట్లా మారతాయో మనకు వేరే చెప్పాలా? రిజిస్టరులో మనలో ఎంతమంది పుట్టింది జూన్ నెలలోనే అని ఉందో ఒకసారి లెక్కపెట్టి చూడండి.

ఆ రోజుల్లో పిలిచినా కోర్టుకు రాని మనిషిని చట్టం బయట పెట్టేవారు. అతని తల తోడేలు తలతో సమానం అనేవారు. సామాను రాజుకు పోయేది. రాజుగారి అడవి అంటే చెట్లే కాదు, అందులోని ఊళ్లు, పొలాలు కూడా అడవి చట్టం కిందే ఉండేవి. జింకను కొడితే ప్రాణం గాని, కాలో చెయ్యో గాని తీయకూడదని 1217లో ఒక శాసనం చేయాల్సి వచ్చిందంటే అంతకు ముందు ఏం జరిగేదో ఊహించుకోండి. మన ఏజెన్సీలో కూడా 1882 మద్రాసు అటవీ చట్టం పోడుకు అడ్డం పడింది. అందుకేనేమో ఈ కథ మనవాళ్లకు చెబితే వెంటనే అర్థమవుతుంది.

ఇంకో రాబిన్ హుడ్ కూడా ఉన్నాడు. 1852లో జోసెఫ్ హంటర్ అనే ఆయన పాత లెక్కలు వెతికి, 1324లో ఎడ్వర్డు రాజు దగ్గర పనిచేసిన రాబిన్ హుడ్ అనే నౌకరును చూపించాడు. పాటలో రాజు ఎడ్వర్డు గనక ఇతనే అన్నాడు. పని చేయలేకపోతున్నాడని 5 షిల్లింగులిచ్చి ఇంటికి పంపేశారట, పాపం. రోజర్ గాడ్‌బర్డ్ అని మరొకాయన ఉన్నాడు. 1265 యుద్ధం తర్వాత షెర్వుడ్ అడవిలో ముఠా నడిపి 1272లో దొరికిపోయాడు. ఇతని కథ రాబిన్ కథకు బాగా దగ్గర.

కానీ నాకు వీళ్లిద్దరూ కుదరరు. ఎందుకంటే 1261లో బెర్క్‌షైర్‌లో విలియం అనే మనిషి పారిపోయాడు. కమ్మరి రాబర్ట్ కొడుకు. 1262 లెక్కలో గుమాస్తా అతన్ని విలియం రాబ్‌హాడ్ అని రాశాడు. తండ్రి పేరు రాబర్ట్ గనక ‘రాబ్’ వచ్చిందనుకున్నా, ‘హాడ్’ ఎక్కడిది? అంటే అప్పటికే పారిపోయినవాణ్ణి ఆ పేరుతో పిలవడం అలవాటైందన్నమాట. అప్పుడు 1324 నౌకరు ఎట్లా మొదటివాడవుతాడు? రోజర్ పట్టుబడింది కూడా పదేళ్ల తర్వాతే గదా! మిగిలింది 1226 మనిషి ఒక్కడే. కచ్చితంగా ఇతనే అని నేను అనడం లేదు. కానీ పారిపోయినవాడిగా లెక్కకెక్కిన వాళ్లలో ఇతనికంటే ముందువాడు నాకు కనిపించలేదు. తర్వాత ఆ పేరు ఎంతోమంది మీద పడింది, కొందరి పనులు పాటలో కలిసిపోయాయి అని నా అభిప్రాయం.

పాటలో ఒక ముక్క నాకు చాలా ఇష్టం. ఒక నైటు తన భూమిని యార్క్ మఠం దగ్గర 400 పౌండ్లకు తాకట్టు పెడతాడు. గడువు రోజున కట్టకపోతే భూమి మఠానిదే. రాబిన్ ఆ 400 పౌండ్లు అతనికి అప్పిచ్చి భూమి విడిపిస్తాడు. 20 షిల్లింగులు ఒక పౌండు. లెక్క వేసి చూశాను. 1226 మనిషి సామాను మొత్తం ఒకటిన్నర పౌండు పైచిల్లర. పాట అతని చేతిలో దానికి 246 రెట్లు పెట్టింది. షావుకారు దగ్గర కాగితం ఇరుక్కున్నవాళ్లు కట్టిన పాటేమో అనిపిస్తుంది. మా ఇళ్లలో కూడా ఇట్లాంటి మనిషి ఒక్కడు వస్తే బాగుండు అనుకునేవాళ్లున్నారు. ప్రభువు ఇచ్చాడంటే వింతేముంది? 32 షిల్లింగులవాడు ఇచ్చాడంటేనే కథ.

అక్క దీనికి జవాబు రాస్తే వచ్చే నెల నా పక్కనే అంటించండి. చార్టులో కింద కొంచెం ఖాళీ వదిలాను. చిన్న తరగతుల వాళ్లు కూడా రాయొచ్చు.

– 9వ తరగతి విద్యార్థిని