విసుగుకు ప్రాస కుదిరింది

ఋతువర్ణనను అష్టాదశ వర్ణనల్లో చేర్చిన పూర్వులు, పుష్యమాసపు చలిలో కొంకర్లు పోయే కవి వేళ్లకు మినహాయింపేమీ ఇవ్వలేదు. అసలే బద్ధకం, పైగా ప్రాస వెతుక్కోవడం శిక్ష కాక మరేమిటని చాలామంది వాదన. బద్ధకించిన బుర్రను లేపగలిగేది ఆ ప్రాసేనని నా వాదన. పాదం పాదానికీ రెండో అక్షరంలో అదే హల్లు రావాలి. మొదటి అక్షరం ఒకచోట లఘువైతే అన్నిచోట్లా లఘువే కావాలి. అందుకే ‘చలి’కి ‘పులి’ ఇట్టే దొరుకుతుంది. డిసెంబరు రాగానే పత్రికల శీర్షికల్లో అది పంజా విసురుతుంది కూడా. చలీ గాలీ ఊళ్లో జంటగానే తిరుగుతాయి గానీ పద్యంలో వాటికి పొత్తు కుదరదు. చలితో ఎత్తుకుంటే చంపకమాల, గాలితో ఎత్తుకుంటే ఉత్పలమాల! దుప్పట్లో ఉన్నవాడికి ఇంతకన్నా చికాకేముంటుంది?

అయితే అసలు పని జరిగేది ఆ చికాకులోనే. ‘విసుగు’నే తీసుకుందాం. ‘ముసుగు’ ఠక్కున తడుతుంది, వెనకే మంచు ‘మసక’ వస్తుంది. మూడు పాదాలు గడిచాయి, కవి ఇంకా మంచం దిగలేదు. నాలుగో పాదానికీ సకారం కావాలి. నిజామాబాద్ జిల్లా సిరికొండలో ఉన్న కవికైతే అది గడప దాటితే చాలు, కనిపిస్తుంది: ‘పసుపు’. వానాకాలం మొదట్లో వేసిన పంట జనవరికి ఆకు ఎండి తవ్వకానికి వస్తుంది. ఆర్మూరు ప్రాంతమంతా అప్పుడు చేలల్లోనే ఉంటుంది. తవ్వాలి, కొమ్ములు విరవాలి, ఉడకబెట్టాలి, కళ్లంలో ఆరబోయాలి, నిజామాబాద్ మార్కెట్‌కు తోలాలి. ముసుగు తన్నినవాడి పద్యంలోకి, తెల్లారకముందే ముసుగు తీసినవాళ్లు ఇలా వచ్చి కూర్చున్నారు. వాళ్లను పిలిచింది కవి కాదు, హల్లు. ఆ నియమమే లేకపోతే ఆయన తన నీరసం గురించే మూడు పేజీలు నిట్టూర్చేవాడు.

ప్రాస కోసం అక్కర్లేని మాటలు దూర్చి పద్యాన్ని పాడుచేసినవాళ్లు లేరా అంటే, కొల్లలు. కానీ అది మొదట దొరికిన మాటతో సరిపెట్టుకునే సోమరితనం. నియమాన్ని తిట్టి లాభం లేదు. ప్రాస అందరికీ తప్పనిసరి అనడం లేదు. వేమన ఆటవెలదికి ఆ నియమమే లేదు, ఎవరూ లోటు అనలేదు. కాకపోతే ఛందస్సు సంకెళ్లు తెంచాడని మనం చెప్పుకునే శ్రీశ్రీయే, ప్రాస తప్పని కందాల్లో సిరిసిరిమువ్వలు కట్టాడు. ప్రాసక్రీడలు, లిమరిక్కులు కూడా రాసి, మూడింటి మొదటి అక్షరాలూ కలిపి పుస్తకానికి ‘సిప్రాలి’ అని పేరు పెట్టాడు.

చేలో వణికే కూలీలకు చలి నవ్వులాటా అన్న ఆక్షేపణ వీటన్నిటికన్నా బరువైనది. నవ్వు ఎవరి మీద అన్నది చూడాలి. పైపద్యంలో నవ్వులపాలయ్యేది దుప్పట్లో కవే. ఇక అక్షరాలతో ఆట కష్టకాలంలో నిలవదనుకోవడం నిజామాబాద్ జిల్లావాళ్లకు అసలు తగదు. నిజాం పాలనలో ఇక్కడి ఖిల్లా జైల్లో ఉన్న దాశరథి కృష్ణమాచార్య గోడ మీద బొగ్గుతో పద్యం రాశారు. తోటి ఖైదీ వట్టికోట ఆళ్వారుస్వామి. కాగితం అందని చోట పద్యం నోట నిలవడానికి యతిప్రాసల ఆసరా చిన్నదేమీ కాదు. తర్వాత 1974లో దాశరథికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం తెచ్చిన పుస్తకం ‘తిమిరంతో సమరం’. ఆ పేరులోని రెండు మాటల్లోనూ మొదట లఘువు, పక్కన మకారం. ప్రాస నియమం తు.చ. తప్పలేదు.