పదివేల దగ్గర ఆగిపోయిన లక్ష

మానుకోటలో పరుపులు కుట్టి బతికే ఒక సోదరుని దరఖాస్తును నింపినవాణ్ని నేనే. ఉద్యోగ జీవితమంతా ప్రభుత్వ కార్యాలయంలో దస్త్రాలు నడిపిన గుమాస్తాను. ఏ గడిలో ఏమి రాయాలో, ఏ కాగితానికి ఏది జతపరచాలో నాకొకరు చెప్పనక్కరలేదు. ఆదాయ ధ్రువపత్రం, రేషన్ కార్డు, ఆధార్, పాన్ అన్నీ సరిపోయాయి. దూదేకే యంత్రం కోసం లక్ష రూపాయల యూనిట్ అడిగాము. బ్యాంకులో "సిబిల్ స్కోరు లేదు" అన్నారు. అతడు ఏనాడూ అప్పు ఎగవేసినవాడు కాడు. అసలు ఏ బ్యాంకూ అతనికి అప్పు ఇచ్చి ఉండలేదు. ఇవ్వని అప్పుకు చరిత్ర ఎక్కడినుంచి వస్తుంది?

రాజీవ్ యువ వికాసం పేరిట 2025 మార్చిలో ప్రభుత్వం ఈ పథకాన్ని ప్రకటించింది. ఆరువేల కోట్ల రూపాయలతో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, ఈబీసీ యువతలో ఐదు లక్షల మందికి స్వయం ఉపాధి కల్పిస్తామన్నారు. పదహారు లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. జూన్ 2న అందవలసిన మంజూరు పత్రాల పంపిణీ వాయిదా పడింది.

పథకం లెక్కను ఒకసారి నిదానంగా చూడండి. యాభై వేల వరకు నూరు శాతం రాయితీ. అక్కడినుంచి లక్ష వరకు తొంభై శాతం, రెండు లక్షల వరకు ఎనభై, నాలుగు లక్షల వరకు డెబ్బై. మిగతాది బ్యాంకు ఇవ్వాలి. అంటే లక్ష రూపాయల యూనిట్‌లో తొంభై వేలు ప్రభుత్వానివి, పదివేలు బ్యాంకువి. ఆ పదివేలు ఇచ్చేది లేదని బ్యాంకు తల అడ్డంగా ఊపితే, ప్రభుత్వం ఇస్తానన్న తొంభై వేలు కూడా ఖజానా గడప దాటవు. పదోవంతు పెట్టేవాని చేతిలో మొత్తం తాళంచెవి పెట్టిన ఈ ఏర్పాటును ఏ మేధావి ఆలోచించాడో గాని, అతడు బ్యాంకు గుమ్మం ముందు చేతులు కట్టుకొని నిలబడినవాడు మాత్రం కాదు.

ఇది కొత్త వ్యాధి కాదు. మైనారిటీల ఆర్థిక సంస్థ బ్యాంకు రుణంతో ముడిపెట్టిన రాయితీ పథకాలను ఏళ్ల తరబడి నడిపింది. బ్యాంకు సమ్మతి పత్రం దొరికినవాడే లబ్ధిదారు. దొరకనివాని దరఖాస్తు ఆ సంవత్సరంతోనే మురిగిపోయేది. 2023 జూలైలో అప్పటి ప్రభుత్వం బ్యాంకుతో నిమిత్తం లేకుండా లక్ష రూపాయలు పూర్తి రాయితీగా ఇస్తామంది. పద్ధతి మంచిదే. కాని ఆగస్టులో చెక్కుల పంపిణీ మొదలైతే అక్టోబరులో ఎన్నికల నియమావళి వచ్చింది. నాలుగేళ్లుగా గుర్తురాని పేదవాడు చివరి నాలుగు నెలల్లో గుర్తొస్తే ఇంతకన్నా ఏమవుతుంది?

బ్యాంకు అధికారులకూ ఒక వాదన ఉంది. రాయితీ చేతికందగానే దుకాణం ఎత్తేసినవారున్నారు, కిస్తీ కట్టనివారున్నారు అంటారు. ఉన్నారు, కాదనను. దళారికి పర్సెంటేజీ ఇచ్చి, లేని దుకాణానికి కొటేషన్ తెచ్చినవారు మనలోనూ ఉన్నారు. వారిని మన పెద్దలు మసీదు మెట్లమీదనే నిలదీసి ఉండవలసింది. అయినా వారి పాపానికి పరుపులు కుట్టేవాడు, పంక్చర్లు వేసేవాడు, డోర్నకల్ స్టేషను బయట పండ్ల బండి తోసేవాడు శిక్ష అనుభవించాలా? చిన్న పరిశ్రమకు ఒక పరిమితి వరకు తాకట్టు అడగరాదని రిజర్వు బ్యాంకు నిబంధన. ప్రాధాన్య రంగ రుణాల్లో మైనారిటీలు బలహీన వర్గాల కింద వస్తారనీ ఆ బ్యాంకే చెబుతుంది. అయితే ప్రత్యేక పర్యవేక్షణ మాత్రం మైనారిటీలు ఇరవై ఐదు శాతమున్న 121 జిల్లాలకే. పాత వరంగల్ జిల్లాలో మన జనాభా ఆ హద్దుకు చాలా దూరం. తక్కువమంది ఉన్నచోట మన గోడు వినేవారూ తక్కువే.

వడ్డీ మాట వేరే ఉంది. వడ్డీకి దూరంగా ఉండాలని బ్యాంకు వైపే వెళ్లని మర్యాదస్థులు ప్రతి మండలంలో ఉన్నారు. వారికి యాభై వేల లోపు యూనిట్ ఒక్కటే దారి. అందుకే ఆ వర్గం దరఖాస్తులను ముందుగా తేల్చాలి.

లక్ష వరకు యూనిట్లలో బ్యాంకు వాటాకు మైనారిటీల ఆర్థిక సంస్థే పూచీ పడాలి. తిరస్కరించిన ప్రతి దరఖాస్తుకూ కారణాన్ని రాతపూర్వకంగా ఇచ్చి, ఆ జాబితాను మండల కార్యాలయం గోడకు అంటించాలి. జిల్లా బ్యాంకర్ల సమావేశంలో ఏ శాఖ ఎందరు మైనారిటీలకు రుణమిచ్చిందో కలెక్టర్ చదివి వినిపించాలి. వీటిలో ఏ ఒక్కదానికీ కొత్త చట్టం అక్కరలేదు, ఒక మెమో చాలు. అలాంటి మెమోలు నా చేతులమీదుగా వందలు వెళ్లాయి.

పరుపుల సోదరుడు నిన్న మళ్లీ వచ్చాడు. ఈసారి నోటి మాట ఒప్పుకోక, తిరస్కరణకు కారణం రాసిమ్మని బ్యాంకుకు అర్జీ రాయించాను. రసీదు తీసుకోమన్నాను.